ఏడ్చాం సరే, మరి చుట్టూ ఉన్నవాళ్ళ సంగతి?

పోయిన నెల శుక్రవారం నవలా చర్చలో మనం బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' గురించి మాట్లాడుకున్నాం, గుర్తుందా? మేడమ్ ఇంకా రాకముందే ముందు బెంచీలోంచి ఒకటే ప్రశ్న. "నువ్వెక్కడ ఏడ్చావే?" కొందరు ఇందిర దగ్గర అన్నారు, కొందరు అమృతం దగ్గర. ఒకామె మూడుసార్లు ఏడ్చిందట, పేజీ మడత పెట్టి మరీ తెచ్చింది. నా వంతు వచ్చింది. నిజం చెప్పాలంటే నేను ఏడవలేదు. కానీ ఏడవలేదంటే మనసు లేనిదాన్ని చూసినట్టు చూస్తారని, "ఇందిర దగ్గర" అనేశా. అబద్ధం ఆడినందుకు ఇక్కడే, అందరి ముందూ సారీ.

చర్చ చివర్లో మేడమ్ ఒక ప్రశ్న అడిగారు. ఈ నవలలో మీకు దగ్గరగా అనిపించిన పాత్ర ఎవరు? ఆ రోజు పదిహేడుమందిమి ఉన్నాం. సగానికి పైగా దయానిధి అన్నారు. మిగతావాళ్ళు అమృతం, కోమలి, ఒకరిద్దరు ఇందిర. ఆ ఊరి జనం అని మాత్రం ఒక్కరూ అనలేదు. నేనూ అనలేదు.

ఆలోచించి చూడండి. దయానిధి తల్లి గురించి గుసగుసలాడింది ఎవరు? ఆమె పోయాక కూడా ఆ మాటల్ని కొడుకు ఎక్కడికి పోతే అక్కడికి మోసుకొచ్చింది ఎవరు? అతను డాక్టరైనా, ఊరు మారినా, ఆసుపత్రి కట్టినా వదలనిది ఎవరు? నవల నిండా వాళ్ళే ఉన్నారు. వాళ్ళు నోరు మూసుకుని ఉంటే ఆ నవలలో సగం బాధ ఉండేది కాదు. అంతమంది జనంలో మన పదిహేడుమందిలో ఒక్కరం కూడా లేమా? మనం అంత మంచివాళ్ళమా?

ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు. ఈ వ్యాసం అప్పుడు మొదలైందే.

నేను చెప్పదలచుకున్నది సూటిగా చెప్పేస్తా. కష్టాల నవల చదివినప్పుడు మనం ఎప్పుడూ బాధపడేవాళ్ళ కుర్చీలోనే కూర్చుంటాం. చర్చ కూడా వాళ్ళ గురించే చేస్తాం. ఆమె ఎంత ఓర్చుకుంది, ఎలా తట్టుకుంది, ఎలా కోలుకుంది అని. ఆమె చుట్టూ నిలబడ్డవాళ్ళను "దుష్టపాత్రలు" అని ఒక్క మాటతో దాటేస్తాం. నా ఉద్దేశంలో అసలు చర్చ అక్కడే మొదలవ్వాలి. ఎందుకంటే మనిషి కోలుకోవడం సగం ఆ మనిషి చేతుల్లో ఉంటే, మిగతా సగం ఆ ఇంటివాళ్ళ చేతుల్లో ఉంటుంది. ఇది నాకు పుస్తకం నేర్పలేదు. మా ఇల్లు నేర్పింది. పుస్తకం దాన్ని నాకు చూపించింది, అంతే.

మీలో చాలామందికి తెలుసు, మాది బసవకళ్యాణ్. బీదర్ జిల్లా, కర్ణాటక. నాన్నది కన్నడం, అమ్మది జహీరాబాద్, తెలుగు మీడియంలో చదువుకుంది. ఇంట్లో నాన్నతో కన్నడం, అమ్మతో తెలుగు, గల్లీలో దక్కనీ. నేను తెలుగు డిపార్ట్‌మెంట్‌లో చేరినప్పుడు "కన్నడ పిల్లకి తెలుగు సాహిత్యం ఎందుకు?" అని నన్ను ఏడిపించినవాళ్ళు ఇప్పుడు ఈ గోడ ముందే నిలబడి చదువుతున్నారు, వాళ్ళకి నమస్కారం. మా ఊరి బసవన్న కథను తెలుగులో 'బసవపురాణం'గా రాసింది పాల్కురికి సోమన. దాన్ని 1369లో కన్నడంలోకి తెచ్చింది భీమకవి. మా ఊరి మనిషి కథ తెలుగు నుంచి కన్నడంలోకి వెళ్ళిందన్నమాట. మా ఇంట్లో పుస్తకాలు కూడా అలాగే అటూ ఇటూ తిరుగుతుంటాయి.

ఊరి నుంచి హైదరాబాద్ వచ్చే బస్సు సస్తాపూర్ బంగ్లా దగ్గర హైవే ఎక్కుతుంది. హుమ్నాబాద్, జహీరాబాద్, సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి కూకట్‌పల్లి మీదుగా వస్తుంది. మూసాపేట తర్వాత ఎర్రగడ్డ. కండక్టర్ "ఎర్రగడ్డ, ఎర్రగడ్డ" అని కేకేయగానే బస్సులో ఎవరో ఒకరు పక్కవాణ్ణి పొడిచి "దిగు, నీ స్టాపొచ్చింది" అంటారు. బస్సంతా నవ్వుతుంది. మన హాస్టల్లో కూడా ఆ జోకు వారానికి రెండుసార్లు వినిపిస్తుంది. ఎవరైనా కాస్త ఎక్కువ మాట్లాడితే, "దీన్ని ఎర్రగడ్డకి పంపాలే." అక్కడున్నది మానసిక ఆరోగ్య ఆసుపత్రి. గుండె ఆసుపత్రి ఉన్న స్టాపు దగ్గర ఎవరూ ఇలా నవ్వరు.

నేను కూడా నవ్వేదాన్ని. ఇంట్లో మా అత్తిని పెట్టుకుని నవ్వేదాన్ని.

అత్తి అంటే మేనత్త, నాన్న చెల్లెలు. మా వైపు కన్నడంలో అలాగే పిలుస్తాం. ఆమెను అడిగే ఇది రాస్తున్నా. ఫోన్ చేసి "నీ గురించి కాలేజీ గోడ మీద రాయనా?" అంటే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పేరు రాయకు. శేంగా హోళిగె బాగా చేస్తానని రాయి" అంది. కాబట్టి ముందు అది రాస్తున్నా. పల్లీలు, బెల్లం పెట్టి అత్తి చేసే హోళిగె బసవకళ్యాణ్‌లో ఎవరూ చేయలేరు. పోయిన సంక్రాంతికి నేను డబ్బాలో తెస్తే మీలో చాలామంది తిన్నారు. ఎవరు చేశారని అడిగితే "మా ఇంట్లో" అన్నా. చూశారా, అప్పుడు కూడా ఆమెను చెప్పలేదు.

నేను ఐదో క్లాసులో ఉన్నప్పుడు అత్తికి కొడుకు పుట్టాడు. మూడు నెలలు తిరక్కముందే ఆమెకు బాగోలేకుండా అయింది. నిద్ర లేదు, తిండి లేదు, ఎవరో పిలుస్తున్నారనేది, బిడ్డను ఎవరో ఎత్తుకుపోతారని ఒళ్ళో నుంచి దించేది కాదు. రెండు నెలలు ఆసుపత్రిలో ఉంది. డాక్టర్లు మందులిచ్చారు, తగ్గింది. కాన్పు తర్వాత కొందరికి ఇలా వస్తుందనీ, మందులు మానకుండా వాడితే మామూలుగా ఉండొచ్చనీ చెప్పి పంపారు. అత్తవారు మాత్రం "కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండనీ" అన్నారు. ఆ కొన్నాళ్ళు తొమ్మిదేళ్ళయింది. పిల్లాడు వాళ్ళ దగ్గరే పెరుగుతున్నాడు.

ఇక్కడి దాకా విన్నవాళ్ళు "అయ్యో పాపం" అంటారు, అత్తవారిని తిడతారు. తిట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ తొమ్మిదేళ్ళు ఆమె ఉన్నది వాళ్ళింట్లో కాదు, మా ఇంట్లో.

మా ఇంట్లో ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, తిండి పెట్టకుండా మాడ్చలేదు. నాన్న నెలనెలా మందులు తెచ్చేవాడు. అమ్మ టైముకి గుర్తుచేసేది. అందరం ప్రేమగానే ఉన్నాం. ఆమె గదికి లోపలి గడియ తీసేశాం. ఆమె నవ్వితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆమెకు కోపం వస్తే, అందరికీ వచ్చే మామూలు కోపమే, "మాత్ర వేసుకుందా?" అని పక్కకి వెళ్ళి అడిగాం. ఉప్పు ఎక్కువైందని మా అమ్మ అరిస్తే అది అలసట. అదే మాట అత్తి అరిస్తే అది జబ్బు.

నేను చేసింది కూడా రాయాలి, లేకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు. ఏడో క్లాసులో ఉన్నా. అత్తి వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు కోస్తోంది. మేం దాన్ని ఈళిగి అంటాం. నా ఫ్రెండ్ వచ్చింది. ఆ పిల్ల చూస్తుండగా నేను వెళ్ళి కత్తిపీట లాక్కుని "నేను కోస్తాలే అత్తీ" అన్నా. నాకు అప్పటికి వంకాయ కోయడం కూడా రాదు. అత్తి నా మొహం చూసింది. ఒక్క మాట అనలేదు. చేతికి అంటిన గింజలు దులుపుకుని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆమె కత్తిపీట ముందు కూర్చోవడం నేను చూడలేదు. చాలా ఏళ్ళ దాకా దాన్ని గమనించను కూడా లేదు.

ఇప్పుడు నవల సంగతి. పోయిన దసరా సెలవుల్లో నాన్న అలమరాలో కన్నడ రచయిత్రి త్రివేణి రాసిన 'శరపంజర' దొరికింది. త్రివేణి అసలు పేరు అనసూయా శంకర్. సైకాలజీ చదువుకున్నారు. మనసుకు వచ్చే జబ్బుల గురించి కన్నడంలో అంత దగ్గరగా, అంత మామూలుగా రాసినవాళ్ళు ఆ రోజుల్లో తక్కువ. 1963లో, ముప్పై అయిదేళ్ళు నిండకుండానే, కూతురు పుట్టిన కొద్ది రోజులకే చనిపోయారు. ఈ నవలను పుట్టణ్ణ కణగాల్ కల్పనతో సినిమా తీశారు, మా నాన్న తరం కన్నడవాళ్ళందరికీ ఆ సినిమా తెలుసు. పేరు మనకీ అర్థమవుతుంది, బాణాల పంజరం.

కథ కావేరి అనే ఇల్లాలిది. కాన్పు తర్వాత మనసు చెదురుతుంది. ఆసుపత్రిలో చేరుతుంది, నయమవుతుంది, ఇంటికొస్తుంది. చాలా నవలలు అక్కడితో అయిపోతాయి. నయమైంది, ఇంటికొచ్చింది, శుభం. త్రివేణి నవల అక్కడే గట్టిపడుతుంది. ఆమెకు తగ్గింది. కానీ ఆమెకు తగ్గిందని ఇల్లు నమ్మదు, ఇరుగుపొరుగు నమ్మరు, మొగుడు నమ్మడు. ఆమె ఏం చేసినా దాంట్లో పాత జబ్బునే వెతుకుతారు. చివరికి ఆ చూపులే ఆమెను వెనక్కి తోస్తాయి.

అమ్మకి కన్నడం మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. అక్షరాలు మన తెలుగు అక్షరాల్లాగే ఉంటాయి కదా అంటే "ఉంటయ్ గానీ కండ్లు నొస్తయే" అంటుంది. అందుకని సాయంత్రాలు అరుగు మీద నేను కన్నడం చూసి తెలుగులో చెప్పేదాన్ని, అమ్మ పల్లీలు ఒలుస్తూ వినేది. మూడో రోజో నాలుగో రోజో కావేరి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన భాగం వచ్చింది. నేను చదువుతూ చెబుతూ పోతున్నా. కాసేపటికి పల్లీల చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే అమ్మ చేతులు చేటలోనే ఉన్నాయి. కళ్ళు గుమ్మం వైపు ఉన్నాయి. గుమ్మం అవతల అత్తి నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో.

నేను పుస్తకం మూసేయబోయా. అత్తి వచ్చి అరుగు మీద కూర్చుంది. "మూయకు. మొదటి నుంచి చదువు. కన్నడంలోనే చదువు" అంది.

ఆ రాత్రి పది దాటే దాకా చదివా. గొంతు పోయింది. అత్తి ఏడవలేదు. అమ్మ ఏడ్చింది. నేను, ఈసారి అబద్ధం కాదు, నిజంగా ఏడ్చా. అయితే కావేరి కోసం కాదు. కావేరి ఇంట్లోకి రాగానే బెదురుచూపులు చూసే ఆ జనంలో నేనున్నా. పన్నెండేళ్ళ పిల్ల, రెండు జడలు, చేతిలో కత్తిపీట.

పుస్తకం అయ్యాక అత్తి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఆమెకి తాళంచెవులు ఇచ్చారా?"

నాకు అర్థం కాలేదు. అమ్మకి అర్థమైంది. పెళ్ళికి ముందు మా ఇంట్లో సామాన్ల గది తాళాలు అత్తి నడుముకే ఉండేవట. బియ్యం, జొన్నలు, బెల్లం, నూనె, ఏది ఎంతుందో ఆమెకే తెలుసు. తిరిగి వచ్చాక ఆ తాళాలు నానమ్మ దగ్గర ఉన్నాయి. నానమ్మ పోయాక అమ్మ దగ్గరికి వచ్చాయి. ఎవరూ కావాలని చేయలేదు. అలా అలవాటైపోయింది, అంతే.

మర్నాడు పొద్దున తాళాల గుత్తి అత్తి మంచం పక్కన ఉంది. అమ్మే పెట్టింది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. సాయంత్రానికి అత్తి దాన్ని తీసుకెళ్ళి వంటింటి గోడ మేకుకి తగిలించింది, ఎవరికి కావాలంటే వాళ్ళకి అందేలాగా. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇది విని "చూశారా, నవల ఎంత పని చేసిందో" అనకండి. నవల వల్ల ఏదీ పూర్తిగా బాగుపడలేదు. అత్తి ఇప్పటికీ మందులు వేసుకుంటుంది, వేసుకోవాలి కూడా. కొడుకు ఇప్పటికీ రాలేదు. ఫోన్లో మూడు నిమిషాలు మాట్లాడిస్తారు, నెలకోసారి. నాన్న వినలేదు ఆ పుస్తకం, "ఆ సినిమా చూసినా లే" అన్నాడు. కానీ ఒక్కటి మాత్రం జరిగింది. మేం మొదటిసారి ఆమె జబ్బు గురించి కాకుండా మా గురించి మాట్లాడుకున్నాం.

మాటల గురించి ఒక మాట, తెలుగు డిపార్ట్‌మెంట్ కాబట్టి. కన్నడంలో జబ్బు తగ్గితే 'గుణ' అయింది అంటారు. నాన్న ఫోన్లో బంధువులకి "గుణ ఆగ్యాద, గుణ ఆగ్యాద" అని చెప్పేవాడు. గుణం అంటే నడత కూడా కదా, రెండు భాషల్లోనూ. మా ఇంటికొచ్చినవాళ్ళు ఒక అర్థం విని రెండో అర్థం వెతికేవాళ్ళు. తగ్గిందా అని అడుగుతూ, మంచిగా నడుచుకుంటోందా అని చూసేవాళ్ళు. ఇక తెలుగులో 'నయం'. జబ్బు నయమైంది అంటాం. దానికన్నా ఇదే నయం అని కూడా అంటాం. పరామర్శకు వచ్చిన ఒక పెద్దామె మా వంటింట్లో గొంతు తగ్గించి, "ఇంతకన్నా పోయినా నయముండె" అంది. అత్తి పక్క గదిలోనే ఉంది. తెలుగు ఆమెకి బాగా వచ్చు. ఒకే మాట మందు కూడా అవుతుంది, బాణం కూడా అవుతుంది. త్రివేణి ఆ పేరు ఊరికే పెట్టలేదు.

ఇదంతా నేను హాస్టల్లో నా ఫ్రెండ్‌కి చెప్పా. ఆమె ఒప్పుకోలేదు. ఆమె అన్నది కూడా రాయకపోతే అన్యాయం. "నీకు చుట్టూ నిలబడే తీరిక ఉంది కాబట్టి అలా అంటున్నావ్. నేను బాధలో ఉన్నదాన్ని. నా బాధ లాంటిది పుస్తకంలో కనిపిస్తే, నేనొక్కదాన్నే కాదని ఊపిరి పీల్చుకుంటా. అప్పుడు కూడా నన్ను తప్పులు వెతుక్కోమంటే ఎట్లా?" అంది. వాళ్ళ నాన్న పోయి ఏడాది కూడా కాలేదు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఆమె చెప్పింది నిజం. కొందరికి పుస్తకం దుప్పటి లాంటిది, కప్పుకుని పడుకోవాలి. అలాంటివాళ్ళను లేపి "నువ్వు ఏ పాత్రవి, చెప్పు" అని అడగడం దుర్మార్గం. ఆ మాటకొస్తే చర్చలో ఎవరినీ వాళ్ళ సొంత కథ చెప్పమని కూడా అడగకూడదు. పోయినసారి ఒక జూనియర్ మాట్లాడుతూ మాట్లాడుతూ బయటికి వెళ్ళిపోయింది. మనం ఏం చేశాం? "పాపం, ఎంత ఫీలైందో" అని మెచ్చుకున్నాం. ఒక్కరం కూడా లేచి ఆమె వెనకాల వెళ్ళలేదు. నవలలో ఇందిర కోసం ఏడ్చిన మనం, వరండాలో ఉన్న పిల్ల దగ్గరికి వెళ్ళలేదు. నేను చెప్తున్నది ఇదే. బాధలో ఉన్నవాళ్ళు ఎలా కావాలంటే అలా చదువుకోనీ. బాధలో లేని రోజున మనం ఎలా చదువుతున్నాం అన్నదే నా ప్రశ్న. నిజం చెప్పండి, ఏ నవల చదివే రోజైనా మనలో ఎక్కువమందిమి ఆ రోజుకి మామూలుగానే ఉంటాం కదా.

చుట్టూ నిలబడేవాళ్ళు అంటే చెడ్డవాళ్ళే అని కూడా కాదు. భైరప్ప 'గృహభంగ' చూడండి. నేషనల్ బుక్ ట్రస్ట్ వల్ల తెలుగులోకి కూడా వచ్చింది. పాత మైసూరు పల్లెలో నంజమ్మ. చేతకాని మొగుడు, నోటి దురుసు అత్త. మొగుడు రాయాల్సిన శానుభోగి లెక్కలు ఆమె రాస్తుంది, విస్తళ్ళు కుట్టి ఇల్లు నడుపుతుంది. ప్లేగు వచ్చి పిల్లల్ని పట్టుకుపోతుంది. భైరప్ప చిన్నప్పుడు ఆయన ఇంట్లోనూ ప్లేగు అంత పనీ చేసింది, ఆ నవలలో కన్నీళ్ళు కల్పించినవి కావు. కానీ నాకు ఆ పుస్తకంలో మిగిలిపోయింది నంజమ్మ ఒక్కతే కాదు. మహాదేవయ్య అనే అయ్యవారు. బిచ్చమెత్తుకుని బతికే మనిషి. ఆయన ఆమె కష్టాలు తీర్చలేడు, డబ్బు లేదు, అధికారం లేదు. వస్తాడు, కూర్చుంటాడు, చేతనైన సాయం చేస్తాడు. ఊరంతా ఆమెను లెక్కలేనట్టు చూస్తుంటే ఆయన మనిషిని చూసినట్టు చూస్తాడు. అంతే ఆయన పని. అది చిన్న పనా? మన పరీక్షలో 'నంజమ్మ పాత్ర చిత్రణ' అని అడుగుతారేమో గానీ మహాదేవయ్య గురించి ఎవరూ అడగరు.

తెలుగులో ఈ సంగతి బాగా తెలిసిన రచయిత డాక్టర్ కేశవరెడ్డి అని నా నమ్మకం. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల డాక్టరుగా చాలా ఏళ్ళు పనిచేశారు. ఆ జబ్బుకి మందు ఉంది, తగ్గుతుంది. కానీ తగ్గినవాళ్ళకి ఇంటి తలుపు తెరుచుకోవడమే కష్టం. పగలంతా అలాంటివాళ్ళను చూసిన మనిషి కాబట్టే కాబోలు, ఆయన నవలల్లో ఎవరూ పట్టించుకోనివాళ్ళు నాయకులవుతారు, జాలి మాటలు మాత్రం కనబడవు. 'అతడు అడవిని జయించాడు'లో పందుల కాపరి ముసలాయన గురించి చదువుతుంటే అయ్యో అనిపించదు, వెన్నెముక నిటారవుతుంది. ఇంకా చదవనివాళ్ళు చదవండి, చిన్న పుస్తకమే.

మా ఊరు చూడ్డానికి బస్సుల్లో జనం వస్తారు. 108 అడుగుల బసవన్న విగ్రహం చూస్తారు, కోట చూస్తారు, అనుభవ మంటపం చూస్తారు. 12వ శతాబ్దంలో అల్లమప్రభువు అధ్యక్షుడుగా అక్క మహాదేవి, మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య, ఆయ్దక్కి లక్కమ్మ, చాకలి, పడవవాడు, రాలిన బియ్యం ఏరుకునే ఆమె అందరూ కలిసి కూర్చుని మాట్లాడుకున్న చోటు అని మాకు చిన్నప్పటినుంచీ చెప్తారు. కొత్త అనుభవ మంటపానికి 2021లో శంకుస్థాపన కూడా జరిగింది. స్కూల్లో దాని మీద నేను వ్యాసం రాసి ఫస్ట్ ప్రైజ్ తెచ్చుకున్నా. అందరి అనుభవానికీ విలువిచ్చిన ఊరు మాది అని రాశా, చాలా అందంగా రాశా. అదే ఏడాది మా అత్తి ఆ చప్పట్లు వినడానికి రాలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు. నేనూ పిలవలేదు. ఆ ప్రైజు స్టీలు గిన్నె ఇప్పటికీ మా వంటింట్లో ఉంది, దాంట్లో చింతపండు నానబెడుతుంటారు.

చట్టం కూడా మన వైపే ఉంది, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇలాంటి జబ్బు వచ్చినవాళ్ళకి అందరితో కలిసి, విడిగా వెలివేయకుండా బతికే హక్కుంది. మాట్లాడ్డానికి ఎవరూ లేరనిపిస్తే 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. ఇది వ్యాసంలో అతకదని తెలుసు. కానీ ఈ గోడ ముందు ఎవరు నిలబడతారో నాకు తెలియదు కదా.

మేడమ్‌కి ఒక విన్నపం. వచ్చే నెల చర్చకి 'శరపంజర' పెట్టుకుందాం. కన్నడం రానివాళ్ళకి నేను చదివి తెలుగులో చెప్తా, అమ్మకి చెప్పినట్టే. రెండు శుక్రవారాలు పడుతుంది. ఎక్కడ ఏడ్చావ్ అన్న ప్రశ్న ఈసారి వద్దు. కావేరి ఇంట్లో, వీధిలో, బంధువుల్లో నువ్వెవరివి అన్నది ఒక చీటీ మీద రాసి, పేరు లేకుండా డబ్బాలో వేద్దాం. చెప్పలేనివాళ్ళు ఖాళీ చీటీ వేయొచ్చు. ఎవరైనా మధ్యలో లేచి బయటికి వెళ్తే, ఎవరు వెనకాల వెళ్ళాలో ముందే అనుకుందాం. మొదటి శుక్రవారం నేను వెళ్తా.

పుస్తకం ఒక్కటే కాపీ ఉంది, నాన్నది, అట్ట ఊడింది. ఈ శనివారం ఇంటికెళ్ళి తెస్తా. పేజీల మధ్య పల్లీ పొట్టు ఉంటే దులపకండి, అది మా అమ్మది. హోళిగెలు కూడా తెస్తా. ఎవరు చేశారని అడగండి, ఈసారి చెప్తా.

— బి.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని